పదకొండుసార్లు ధన్యవాదాలు

సోమవారం పొద్దున పదిన్నరకు బడిలో ఫోను మోగింది. రేపే వస్తున్నామని తనిఖీ వాళ్ళు చెప్పారు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు వాళ్ళు స్కెల్‌బీ కీసైడ్ ప్రాథమిక పాఠశాల గురించి "మెరుగుపడాలి" అని రాసి వెళ్ళారు. ఈసారి కూడా ఆ మాటే రాస్తే బడి మనది కాకుండా పోతుంది. మూతపడదు, కొండ అవతల, చాలా బళ్ళు నడిపే పెద్ద ట్రస్టు చేతిలోకి వెళ్తుంది. నూట పన్నెండేళ్ళ పేరు పలక దించేసి వాళ్ళ నీలం బోర్డు ఎక్కిస్తారు. "నువ్వు రానక్కర్లేదమ్మాయ్, నేను చూసుకుంటాను" అని బడి గవర్నర్ల, అంటే పాలకమండలి వాళ్ళ, అధ్యక్షుడు సిరిల్ హెస్కెత్ చెబితే, జోలీన్ థ్వైట్ బుద్ధిగా తలాడించింది. ఆ తర్వాత డిపోకి వెళ్ళి, మంగళవారం మధ్యాహ్నం తను తోలాల్సిన బస్సును ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది.

జోలీన్ ఆ ఊళ్ళో ఇరవై మూడో నంబరు బస్సు డ్రైవరు. తల్లిదండ్రుల తరఫు గవర్నరు కూడా. జీతం భత్యం లేని ఆ పదవికి పోటీ లేకుండా ఎన్నికైంది. అంటే ఇంటింటికీ పంపిన ఫారాన్ని నింపి వెనక్కి పంపింది ఆమె ఒక్కతే.

మంగళవారం రెండింటికి లైబ్రరీలో కూర్చున్నారు. ఆ గదిలో ఉన్నవన్నీ ఏడేళ్ళ పిల్లల కుర్చీలే. హెస్కెత్ మాంసం కొట్టు నడిపి రిటైరైన మనిషి, ఆరడుగుల పైచిలుకు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే మెడకి బిగించిన టై సర్దుకుంటూ కూర్చున్నాడు. జోలీన్ కంపెనీ కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా తనిఖీకొచ్చిన మిస్ ఓడెల్, బక్కగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. బల్ల మధ్యలో హెస్కెత్ భార్య పొద్దున్నే లేచి చేసిన నిమ్మకాయ కేకు ఉంది. మిస్ ఓడెల్ దాని వైపు చూడను కూడా లేదు. హెస్కెత్‌కి సగం ధైర్యం అక్కడే పోయింది.

"రెండేళ్ళలో పదకొండు సమావేశాలు పెట్టుకున్నారు. ఒక్కటీ వాయిదా పడలేదు" అంది మిస్ ఓడెల్, సమావేశాల్లో ఏం జరిగిందో రాసిన మినిట్స్ దొంతర ముందుకు లాక్కుంటూ. ప్రతి దానికీ ఒక పసుపు చీటీ అంటించి ఉంది. "అన్నిట్లోనూ చివర ఒకే ముక్క కనిపించింది. చదవమంటారా?"

"చదవండి చదవండి" అన్నాడు హెస్కెత్, మెచ్చుకోబోతోంది కాబోలనుకుని.

"'ప్రధానోపాధ్యాయురాలు నివేదిక సమర్పించారు. గవర్నర్లు ఆమెకు ధన్యవాదాలు తెలిపారు.'" ఆమె పేజీ తిప్పింది. "ఇది నవంబరుది. డిసెంబరులోనూ తెలిపారు. మార్చిలో తెలిపారు, ఏప్రిల్లో తెలిపారు. లెక్కపెట్టాను. పదకొండుసార్లు."

"మర్యాదండీ. మా ఊరివాళ్ళకి ఆమాత్రం ఉంది."

"ఉండాలి. కానీ హెస్కెత్ గారూ, మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది ధన్యవాదాలు చెప్పడానికా? పిల్లలకి చదువెందుకు రావట్లేదని హెడ్‌ని అడగడానికి. ఈ రెండేళ్ళలో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా?"

హెస్కెత్ కేకు వంక చూశాడు. కేకు ఏం చెబుతుంది.

ఇక్కడ స్కెల్‌బీ జబ్బు గురించి కాస్త చెప్పాలి. ఈ ఊళ్ళో ఒకరి కాలు ఒకరు తొక్కితే, తొక్కించుకున్నవాడే ముందు క్షమించమంటాడు. సూపులో ఈగ పడితే వడ్డించినామె నొచ్చుకుంటుందని ఈగను పక్కకి నెట్టి తాగేవాళ్ళు ఉన్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకొకటుంది. ఇది బడి సంగతి కనక పూర్తిగా చెప్పను.

ప్రశ్న అడగలేదని కాదు. అడిగింది జోలీనే. జనవరి ఇరవై నాలుగో తారీఖు, మంగళవారం సాయంత్రం, ఈ లైబ్రరీలోనే, ఇదే కుర్చీలో. "రెండో తరగతిలో ఇరవై ఎనిమిది మంది ఉంటే తొమ్మిది మందికి చదవడం రావట్లేదు. ఎందుకనండీ?" అంది. ఆ తొమ్మిది మందిలో తన కూతురు మార్నీ కూడా ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. హెడ్ మిసెస్ ఆల్డర్‌సన్ ముఖం ఎర్రబడింది. "ఇంట్లో వినేవాళ్ళు లేరు జోలీన్. రోజూ చదివించి సంతకం పెట్టమని పుస్తకం పంపుతాం. ఖాళీగా తిరిగొస్తుంది" అంది. జోలీన్ అక్కడితో ఊరుకుని ఉంటే గొడవే ఉండేది కాదు. "ఎందుకు ఖాళీగా వస్తోందో వాళ్ళని ఎప్పుడైనా అడిగారా?" అనేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ అడిగాక ఆ గదిలో టీ కప్పులు కింద పెట్టిన చప్పుడు కూడా వినబడింది.

సమావేశం అయ్యాక, మినిట్స్ రాసే గుమాస్తా మిస్ ఐరిస్ టాటర్‌సాల్ చెవి దగ్గర హెస్కెత్ వంగాడు. "ఆ ముక్క అలా రాయకండి ఐరిస్. పాపం, ఆల్డర్‌సన్ గారు బాధపడతారు." టైపయి వచ్చేసరికి అది "పఠనం గురించి చర్చ జరిగింది. గవర్నర్లు ఆమెకు ధన్యవాదాలు తెలిపారు" అయి కూర్చుంది. మార్చిలో ఆ కాగితం చదివి, సరిగ్గా ఉందనుకునేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. అందరూ ఎత్తారు. జోలీన్ కూడా ఎత్తింది. ఆ చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి సిగ్గేస్తుంది.

"నేను అడిగానండీ" అంది ఇప్పుడు.

"జోలీన్, తల్లీ" అన్నాడు హెస్కెత్ మెల్లగా. "అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వడం దేనికి?"

"తవ్వకపోతే మన బడినే పూడ్చేస్తారండీ." మిస్ ఓడెల్ వైపు తిరిగింది. "జనవరిలో అడిగాను. కాగితమ్మీద తుడిచేశారు. తుడిచేసింది బాగుందని నేను కూడా చెయ్యెత్తాను. ఆ తప్పు నాది కూడా."

హెస్కెత్ చెవులు ఎర్రబడ్డాయి. "తుడిచేశానని అంత మాటంటావా? ఆవిడ ఈ బడికి ఇరవై ఏళ్ళు ఇచ్చింది. అందరి ముందూ నువ్వు నిలదీసిన సంగతి అచ్చులో పెట్టి ఆవిడ పరువు తీయమంటావా?"

"పరువు తీసింది మీరండీ" అంది జోలీన్. "ఆవిడ నా ప్రశ్నకి కోపం తెచ్చుకుని ఊరుకోలేదు. తెల్లారి వెళ్ళి పని మొదలెట్టారు. మీరు నా ప్రశ్న కొట్టేశారు, దాంతోపాటు ఆవిడ చేసిన పనంతా కొట్టుకుపోయింది. ఈవిడ చేతిలో ఉన్న కాగితాలు చూస్తే, మనందరం రెండేళ్ళు కేకులు తిని ఇంటికెళ్ళినట్టుంది."

హెస్కెత్ చెడ్డవాడు కాదు. పంతొమ్మిదేళ్ళుగా బడికి ఏ పండగొచ్చినా తన కొట్టు నుంచి మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలు మోసుకొచ్చిన మనిషి. మంచితనం, మౌనం ఒకటే అనుకున్నాడు, అంతే.

"హెడ్ ఏం చేశారు?" అంది మిస్ ఓడెల్. ఆమె కలం మూత తీసింది.

"చెప్పనా, చూపించనా?"

"చెబితే రాసుకుంటాను. నమ్మడం కష్టం. తనిఖీ రోజున ఎవరైనా ఏదైనా చెబుతారు థ్వైట్ గారూ. ఆ రోజుల్లోదే ఏదైనా కాగితం కావాలి నాకు."

"అయితే రేపు పొద్దున ఎనిమిది గంటల ఏడు నిమిషాలకి గ్యాస్‌వర్క్స్ రోడ్డు స్టాపులో నా బస్సెక్కండి."

"నేను బడిని బళ్ళోనే చూస్తాను."

"మా బడి ఆ స్టాపులోనే మొదలవుతుంది మేడమ్."

మిస్ ఓడెల్ ఆమెను పరకాయించి చూసింది. "నేనొస్తున్నట్టు ఎవరికీ చెప్పకండి" అంది. తర్వాత చెయ్యి చాచి ఒక కేకు ముక్క తీసుకుంది.

నడవాలో హెస్కెత్ కోటు గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. "పంతొమ్మిదేళ్ళమ్మాయ్" అన్నాడు. "చివరికి నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"అబద్ధం చెప్పారనలేదండీ. మొహమాటపడ్డామన్నాను. మీరూ, నేనూ."

ఆయన వెళ్ళిపోయాడు. భార్యకిష్టమైన పింగాణీ పళ్ళెం లైబ్రరీలో మరిచిపోయాడు. జోలీన్ దాన్ని కడిగి, తుడిచి, ఆఫీసులో పెట్టి వెళ్ళింది.

బుధవారం పొద్దున, ఆ ఊళ్ళో ఎండాకాలమైన జూన్ నెలకి తగని వాన. గ్యాస్‌వర్క్స్ రోడ్డులో పదిమంది తర్వాత మిస్ ఓడెల్ గొడుగు ముడుచుకుంటూ ఎక్కింది. అందరిలాగే టికెట్టు కొనుక్కుని నాలుగో వరసలో కూర్చుంది. బస్సు కదిలాక డ్రైవరు ప్రయాణికులతో మాట్లాడకూడదు. కాబట్టి జోలీన్‌కి మిగిలింది తల మీది అద్దం, వెనకనుంచి వచ్చే మాటలు.

జనవరిలో, సమావేశం అయిన మర్నాడే, మిసెస్ ఆల్డర్‌సన్ ఇదే స్టాపులో గొడుగు కూడా లేకుండా నిలబడి ఉంది. బస్సెక్కి వరసలో ఉన్న ప్రతి తల్లినీ తండ్రినీ అడిగింది. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నానని ముందే చెప్పింది. చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి, నేరుగా వచ్చి కొడుకుని బడికి తీసుకెళ్ళే డాగ్మారా మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఇంట్లో టైమెక్కడిది మిస్? వాడు మేలుకుని ఉంటే నేను పనిలో ఉంటాను. నేనింట్లో ఉంటే వాడు బళ్ళో ఉంటాడు. వాడూ నేనూ కలిసి కూర్చునేది ఈ బస్సులో ఇరవై రెండు నిమిషాలే." మిసెస్ ఆల్డర్‌సన్ ఆ మాట పట్టుకుంది. సోమవారానికల్లా పాల సీసాలు పెట్టుకునే పెట్టెలో నలభై కథల పుస్తకాలు బస్సెక్కాయి. సామాన్ల అరలో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఎలా వినాలో కూడా ఆవిడే వరసవరసకీ వెళ్ళి నేర్పింది. "తప్పు చదివితే వెంటనే దిద్దకండి. లోపల అయిదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే అప్పుడు చెప్పండి."

ఇప్పుడు ముందు నాలుగు వరసల నుంచి ఒకేసారి ఏడెనిమిది కథలు వినబడుతున్నాయి. ఒకచోట ఎలుగుబంటి తేనె వెతుక్కుంటోంది, ఇంకోచోట మంత్రగత్తె చీపురు పోగొట్టుకుంది. డాగ్మారా కళ్ళు మూతలు పడుతుంటే కొడుకు మోచేత్తో పొడుస్తున్నాడు. "నిద్రపోతే మళ్ళీ మొదట్నుంచి చదువుతానమ్మా" అని బెదిరిస్తున్నాడు.

మార్నీ పక్కన వాళ్ళమ్మ లేదు. వాళ్ళమ్మ బస్సు తోలుతోంది. అందుకని మార్నీ చదివేది విల్ఫ్ ఎంట్విసిల్‌ తాత దగ్గర. ఆయనకి ఆ బడితో ఏ సంబంధమూ లేదు, చివరి స్టాపులో బేకరీకి వెళ్ళే ముసలాయన. మొదట్లో ఈ గోల ఏంటని కంపెనీకి ఉత్తరం రాస్తానన్నాడు. మూడో రోజున "నిన్న ఆ నక్క ఏమైంది?" అని అడిగాడు. ఇప్పుడు బేకరీ మూసి ఉండే రోజు కూడా బస్సెక్కుతున్నాడు.

"'ఓడ...ఓడ రాళ్ళ వైపు వెళ్తోంది'" అని మార్నీ చదువుతోంది. "'అప్పుడు...'" ఆగింది.

అద్దంలో విల్ఫ్ చెయ్యి లేచింది. ఒక వేలు ముడిచాడు. రెండు. ముందు ఎర్ర లైటు పడితే జోలీన్ బ్రేకు వేసింది. స్టీరింగు మీద ఆమె వేళ్ళు కూడా ముడుచుకుంటున్నాయి. మూడు. లైటు పచ్చగా మారింది. నాలుగు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. జోలీన్ కదల్లేదు.

"'దీపస్తంభం'" అంది మార్నీ. "'దీపస్తంభం వెలిగింది.'"

"వెలిగింది మరి" అన్నాడు విల్ఫ్ బస్సంతా వినబడేలా. "లేకపోతే మన ఓడ ముక్కలయ్యేది."

జోలీన్ బస్సు ముందుకు పోనిచ్చింది. కూతురు చదువుతుంటే పక్కన కూర్చుని విన్నది ఎప్పుడూ లేదు, ఎప్పుడూ ఇలా వీపుతోనే వినడం. అయినా ఆ ఉదయం ఆ ఊళ్ళో తనంత గర్వంగా ఉన్న తల్లి ఇంకొకత్తె ఉండదని ఆమెకి తెలుసు. కళ్ళు తుడుచుకుంది. వాన అద్దానికి అవతలే ఉంది కాబట్టి ఆ సాకు కూడా చెప్పుకోలేకపోయింది.

వెనక మిస్ ఓడెల్ లేచి డాగ్మారా పక్కకి వచ్చింది. "మీవాడి సంతకాల పుస్తకం ఒకసారి చూడొచ్చా?" రోజూ ఏ కథ ఎంత చదివాడో రాసి, విన్నవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం అది. ఆమె పేజీలు తిప్పి నుదురు చిట్లించింది. "ఈ సంతకాలేంటి, ఇలా మెలికలు తిరిగిపోయాయి?"

"మీరోసారి ఈ బస్సులో పెట్టి చూడండి" అంది డాగ్మారా. "మొదట టీచరు కూడా పిల్లలే దొంగ సంతకాలు పెడుతున్నారనుకుంది."

"నావి చూడండమ్మా" అని విల్ఫ్ మార్నీ పుస్తకం అందించాడు. "బస్సు రౌండెబౌట్ చుట్టూ తిరిగేప్పుడు పెట్టినవి ఇవి. నా సంతకం చూసి బ్యాంకువాడు నన్నే నమ్మడు."

మిస్ ఓడెల్ నవ్వలేదు. ఒక్కో పేజీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళింది. జూన్, మే, ఏప్రిల్, అన్నీ మెలికలే. మార్చి, ఫిబ్రవరి, మెలికలే. జనవరి ముప్పయ్యో తారీఖున మొదటి మెలిక. అంతకుముందు సెప్టెంబరు దాకా తెల్ల కాగితం. ఇంకొక పిల్లాడి పుస్తకం అడిగింది, ఇంకొక పిల్లది. అన్నీ ఆ సోమవారమే మొదలయ్యాయి. సంచిలోంచి మినిట్స్ తీసి, జనవరి ఇరవై నాలుగు అని ఉన్న కాగితాన్ని ఒళ్ళో పరిచింది. పక్కన మార్నీ పుస్తకం పెట్టింది. బస్సు గతుకులో పడి రెండూ కలిసి ఎగిరాయి.

"ఆ మంగళవారం చర్చ జరిగింది, ధన్యవాదాలు చెప్పారు" అంది తనలో తను. "తర్వాతి సోమవారానికి బస్సంతా సంతకాలే."

బడి దగ్గర రూటు ముగుస్తుంది. పిల్లలు దిగారు, పుస్తకాలు పెట్టెలోకి చేరాయి. చివర మిస్ ఓడెల్ డ్రైవరు తలుపు దగ్గర ఆగింది. "ఆ తొమ్మిది మంది ఇప్పుడు?"

"ఏడుగురు చదువుతున్నారు మేడమ్. ఇద్దరికి ఇంకా రావట్లేదు. వస్తుంది."

"మీరు అడిగారని నేను రాసుకోగలను థ్వైట్ గారూ" అంది ఆమె. "ఈ వంకర సంతకాల కంటే మంచి సాక్ష్యం నాకీ ఏడాది దొరకలేదు."

జోలీన్‌కి బస్సు తిప్పడానికి ఆరు నిమిషాల టైముంది. మార్నీ టోపీ సరిచేయాలనే వంకతో తనూ దిగింది. గేటు దగ్గర మిసెస్ ఆల్డర్‌సన్ రోజూలాగే గొడుగు కింద నిలబడి పిల్లల్ని పేరు పేరునా పలకరిస్తోంది. ఆవిడ పక్కన, గొడుగుకి బయట, టై కట్టుకుని తడిసి ముద్దయి సిరిల్ హెస్కెత్ ఉన్నాడు. ఆయన చంకలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఎర్ర అట్ట పుస్తకం ఉంది.

"ఐరిస్ ఇంటికి వెళ్ళొచ్చాను" అన్నాడు జోలీన్‌తో, ఆమె కళ్ళలోకి చూడకుండా. "సమావేశంలో ఆవిడ చేత్తో రాసుకునేది ఇందులోనే. టైపు చేశాక పారేసిందనుకున్నాను. ఆవిడ జన్మలో ఏదీ పారేయలేదట." మిస్ ఓడెల్ వైపు తిరిగాడు. నిటారుగా నిలబడ్డాడు. "ఎవరేం అడిగారో అన్నీ అడిగినట్టే ఉన్నాయండీ. కొట్టేయించింది నేను. చదువుకోండి."

పంతొమ్మిదేళ్ళ మొహమాటాన్ని ఆ ముసలాయన వానలో నిలబడి వదిలించుకున్నాడు. జోలీన్‌కి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. స్కెల్‌బీలో అలా చేయరు కనక ఊరుకుంది.

అప్పుడే మిసెస్ ఆల్డర్‌సన్ చెయ్యి ఆ పుస్తకం మీద పడింది.

"వద్దు సిరిల్" అంది. ఆవిడ ముఖంలో రంగు లేదు. "ఇందులో ఏప్రిల్ పేజీ కూడా ఉంది."

"ఉందండీ" అన్నాడు హెస్కెత్. "అన్నీ ఇవ్వాలి, లేదా ఏదీ ఇవ్వకూడదు. నిన్న ఈ అమ్మాయే నేర్పింది నాకు."

పదకొండు సమావేశాల్లో జోలీన్ వెళ్ళనిది ఒక్కటే. ఏప్రిల్లో మార్నీకి జ్వరం వచ్చినప్పటిది. ఆమె ఇద్దరి ముఖాలూ చూసింది. ఇద్దరూ ఆమె ముఖం తప్ప అన్నీ చూస్తున్నారు.

మిస్ ఓడెల్ గొడుగు భుజానికి ఆనించుకుని పుస్తకం తెరిచి, ఏప్రిల్ దగ్గర ఆగి, రెండుసార్లు చదివింది. తర్వాత తలెత్తింది.

"థ్వైట్ గారూ" అంది, "ఆ రోజు గవర్నర్లు ఒకే ప్రశ్న అడిగారు. అది మీ గురించే."